కాజా టోల్‌గేట్ దగ్గర మొరాయించే బండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. బండి మిస్సింగ్ కొడుతోంది, రేసు వదిలితే స్లోలో నిలబడటం లేదు, నడిరోడ్డు మీద ఆగిపోతోంది, ఏం మార్చమంటారు అని. ఏం మార్చాలో అడిగినవాళ్లే గానీ, బండి ఎప్పుడు ఆగుతోందో రాసినవాళ్లు నలుగురైదుగురికి మించి లేరు. ఆ రాసినవాళ్ల ఉత్తరాలే ఇక్కడ తీసుకున్నాను. మిగతావాళ్లు అలగొద్దు. ఒక వారం పాటు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, బండి ఆగిన ప్రతిసారీ ఎంత దూరం నడిచాక ఆగింది, ఎండా వానా, ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది అన్నవి రాసి పంపండి. అప్పుడు నా బుర్ర కూడా కాస్త పనిచేస్తుంది.

ప్రశ్న: మేస్త్రిగారూ, నేను గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ గవర్నర్‌పేటకి రోజూ బండి మీదే ఉద్యోగానికి వెళ్లొస్తాను. నాది 2013 మోడల్ 100 సీసీ బండి, గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ ఉన్నది. రెండు నెలలుగా కాజా టోల్‌గేట్‌కి కాస్త అటూ ఇటూగా ఆగిపోతోంది. ముందు రెండు మూడు జర్కులు ఇస్తుంది, పెట్రోల్ అయిపోయినట్టు గుంజుతుంది, ఆగుతుంది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు లాగేస్తుంది. విసుగొచ్చి ఒక పది నిమిషాలు చెట్టు కింద నిలబడితే, ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్గు మార్చారు, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ మార్చారు, కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగారు. ఇప్పటికి 3,800 రూపాయలు అయ్యాయి. ఆదివారం ట్యాంకు నింపుతాను. సోమవారం మాత్రం తప్పకుండా ఆగుతుంది, శుక్ర శనివారాల్లో ఆగదు. మా ఆవిడ మంగళగిరి స్వామికి మొక్కుకోమంటోంది.
ఒక గుమాస్తా, గుంటూరు

జవాబు: మొక్కుకోండి, తప్పేం లేదు. పానకాల స్వామి బిందెడు పానకం పోసినా సగమే తాగి మిగతాది ప్రసాదంగా వదిలేస్తాడు కదా. మీ బండి కూడా ఆయన కొండ దగ్గర పడేసరికి అదే పద్ధతి మొదలెట్టింది. ట్యాంకు నిండా పెట్రోల్ పెట్టుకుని, తాగింది చాలంటోంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్చిన సామాన్ల గురించి వివరంగా రాసి, సోమవారం సంగతి చివర్లో పడేశారు. నాకు కావలసింది అదే. ఆదివారం ట్యాంకు నింపుతారు, సోమవారం ఆగుతుంది. శనివారానికి పెట్రోల్ అడుగంటుతుంది, ఆ రోజు ఆగదు. ప్లగ్గుకి వారాలు తెలియవు, కాయిల్‌కీ తెలియవు. మీ బండిలో వారంతో పాటు మారేది ట్యాంకులో పెట్రోల్ మట్టం ఒక్కటే.

కాబట్టి నా అనుమానం ట్యాంకు మూత మీద. ఆ మూతలో గాలి పోవడానికి సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు. నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెట్టి వంచితే ఏమవుతుంది? నాలుగు చుక్కలు రాలి, గుడగుడమని ఆగిపోతుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితేనే ధార కడుతుంది. ట్యాంకూ అంతే. కింద నుంచి పెట్రోల్ దిగిన కొద్దీ పైనుంచి అంత గాలి లోపలికి రావాలి. మూత కన్నంలో దుమ్మూ, బండి కడిగినప్పటి షాంపూ, పాలిష్ చేరి గట్టిపడితే గాలి సరిగా రాదు. లోపల గాలి పలచబడి, పెట్రోల్‌ని దిగనివ్వకుండా పట్టుకుంటుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన కాస్తా అయిపోగానే బండి గుంజి ఆగుతుంది. మీరు చెట్టు కింద నిలబడ్డ పది నిమిషాల్లో ఆ పూడిపోయిన కన్నం గుండానే కొద్దికొద్దిగా గాలి పాకి లోపలికి వెళ్తుంది. గిన్నె నిండుతుంది. బండి లేస్తుంది.

మరి నిండు ట్యాంకుతోనే ఎందుకు? నిండుగా ఉన్నప్పుడు పెట్రోల్ పైన గాలికి చోటు తక్కువ. కాస్త పెట్రోల్ దిగగానే ఆ కొంచెం గాలీ పలచబడిపోతుంది. సగం ఖాళీ ట్యాంకులో లీటర్ల కొద్దీ గాలి ఉంటుంది, అది అంతగా పలచబడాలంటే చాలా పెట్రోల్ దిగాలి. ఈలోపు కన్నం లోంచి కొంత గాలి వచ్చి కలుస్తుంది, మీరూ వారధి దాటి ఆఫీసుకి చేరిపోతారు.

వచ్చే సోమవారం ఆగినప్పుడు కిక్కు జోలికి పోకండి. బండి రోడ్డు పక్కకి తీసి, మూత దగ్గర చెవి పెట్టి తాళం తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూత మళ్లీ పెట్టి, ఒక నిమిషం ఆగి కొట్టండి, లేస్తుంది. ఇక్కడో తిరకాసుంది. ఎండలో నిలబెట్టిన బండి మూత తీసినా సుయ్‌మంటుంది, అది లోపలి పెట్రోల్ ఆవిరి బయటికి తన్నడం. మూత తెరిచే చోట అరచెయ్యి పెడితే గాలి చేతికి తగులుతోందా, లోపలికి లాగుతోందా ఇట్టే తెలిసిపోతుంది.

దొంగ దొరికితే వైద్యం పది నిమిషాల పని. మూత ఊడదీసి, కింది రబ్బరు వాషరు జాగ్రత్తగా తీసి, కన్నంలోకి గాలి కొట్టించండి. సన్నటి రాగి తీగతో మెల్లగా పొడవొచ్చు. డ్రిల్లు పెట్టి కన్నం పెద్దది మాత్రం చేయించకండి, వానాకాలం ఆ దారినే నీళ్లు దిగుతాయి, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

మూత తీసినా చప్పుడు లేదు, బండీ లేవలేదు అనుకోండి. అప్పుడు కూడా చల్లారేదాకా ఆగొద్దు. జబ్బు ఉన్నప్పుడే చూడాలి, తగ్గాక నాడి పడితే ఏం తెలుస్తుంది? కార్బొరేటర్ గిన్నె అడుగున చిన్న డ్రైన్ స్క్రూ ఉంటుంది, కింద సీసా పట్టి దాన్ని వదులు చేయండి. పెట్రోల్ రాకపోతే తంటా ట్యాంకు కింది కుళాయి, అదే కాక్‌లోనో, పైపులోనో, గిన్నెలో పెట్రోల్ మట్టం చూసే ఫ్లోట్ దగ్గరో ఉంది. ధారగా వస్తే పెట్రోల్ పక్కన ఏ తప్పూ లేదు. స్క్రూ బిగించి, చిందింది శుభ్రంగా తుడిచి, ప్లగ్గు ఊడదీసి క్యాప్‌కి తగిలించి, దాని ఇనుప భాగం ఇంజిన్‌కి ఆనేలా పెట్టి కిక్కు కొట్టించండి. ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టాలి సుమా, అక్కడినుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. వేడి మీద నిప్పురవ్వ రాక, చల్లారాక వస్తోందంటే కరెంటు తంటా. కాయిల్ కొత్తదే అంటున్నారు కాబట్టి ముందు నిప్పురవ్వ ఎప్పుడు రావాలో సైగ చేసే పికప్ కాయిల్, ఆ తర్వాత ఆ సైగ అందుకుని కాయిల్‌కి కరెంటు వదిలే సీడీఐ పెట్టె చూడాలి.

మా గురువుగారు బండి తెచ్చినవాణ్ణి మొట్టమొదట అడిగే మాట ఒకటుండేది: "దీపం ఊదితే ఆరిందా, చమురైపోయి ఆరిందా?" టక్కున, ఒక్క దెబ్బకి ఆగితే కరెంటు. కొట్టుకుని, గుంజుకుని ఆగితే పెట్రోల్. నూటికి నూరు పాళ్లూ కాదు గానీ, ఎటువైపు నడవాలో చెబుతుంది. మీది చమురైపోయిన దీపం.

ఇంత ధీమాగా చెబుతున్నానంటే నేనొకసారి అడ్డంగా తప్పు చేశాను కాబట్టే. షెడ్డు పెట్టిన కొత్తలో ఓ బ్యాంకు ఉద్యోగి ఇదే జబ్బుతో బండి తెచ్చారు. ముందు కాయిల్ మార్చాను, తర్వాత సీడీఐ మార్చాను. రెండుసార్లూ షెడ్డు చుట్టూ తిప్పి చూస్తే బండి భేషుగ్గా ఉంది. రెండుసార్లూ ఆయన రామవరప్పాడు రింగు దాటగానే ఆగింది. మూడోసారి వచ్చినప్పుడు చూశాను. ట్యాంకుకి కొత్తగా రెగ్జిన్ కవర్ కుట్టించారు, మూతని కూడా కప్పేసేలా, అందంగా, బొత్తాలతో సహా. బొత్తాలు విప్పి మూత తీస్తే బుస్సుమంది. సీడీఐ డబ్బులు వెనక్కిచ్చాను. కాయిల్ డబ్బులు ఇవ్వలేదు. ఆయన అడగలేదు. అడక్కపోయినా ఇవ్వాల్సింది.

ప్రశ్న: అన్నగారూ, మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా బండి నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఇంజిన్ ఆయిల్ మూడుసార్లు మార్చి, కార్బొరేటర్ కడిగి నడిపించారు. అప్పటినుంచి ఏదో ఒక పేచీ. చోక్ లాగి ఉంచితే నడుస్తుంది, చోక్ తోసేస్తే స్లోలో ఆగిపోతుంది. కార్బొరేటర్ కడిగితే పది రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. వాన పడిన రోజు మరీ అన్యాయం, టపటపమని మిస్సింగ్ కొడుతుంది. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం వల్లే అని ఒకాయన అన్నారు. అమ్మేయమంటారా?
ఒక కూరగాయల వ్యాపారి, విజయవాడ

జవాబు: ఆ సెప్టెంబరు మొదటి వారం తలుచుకుంటే నాకిప్పటికీ ముక్కుకి బురద వాసన తగులుతుంది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నుంచి బళ్లు ఆటోల్లో, ట్రాలీల్లో వచ్చి పడ్డాయి. డ్రైన్ బోల్టు విప్పితే నూనెకి బదులు పాలెక్కువైన కాఫీలాంటిది కారేది. సైలెన్సర్ వంచితే బురద. ఒక్కో బండికి గంట కూడా ఇవ్వలేకపోయాం, ఇంజిన్ బతికితే చాలనుకుని పంపించేశాం. మీ బండి మాలాంటివాళ్లు హడావుడిగా వదిలేసిన పనిని ఇప్పుడు మోస్తోంది.

మీ దగ్గర ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. కలిపి చూస్తే తికమక పడతారు.

మొదటిది చోక్‌ది. చోక్ లాగితే ఇంజిన్‌కి వెళ్లే గాలి తగ్గి, పెట్రోల్ పాలు పెరుగుతుంది. వేడెక్కిన బండి చోక్‌తోనే నడుస్తానంటే, దానికి పెట్రోల్ చాలడం లేదని అర్థం. కడిగిన పది రోజులకే మళ్లీ వస్తోందంటే చెత్త పైనుంచి దిగుతోంది. ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉంటుంది. కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం, పైన కుండీలో నాచుంటే కింద కుళాయి తోమినట్టు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. కాక్ దగ్గర పైపు ఊడదీసి, ఒక గాజు సీసాలో పావు లీటరు పెట్రోల్ పట్టి, గట్టిగా మూతపెట్టి, పొయ్యికీ పిల్లలకీ దూరంగా రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే వెలుతురుకి పెట్టి చూడండి. అడుగున ఇటుకపొడి లాంటిది పేరుకుంటే తుప్పు. అడుగున వేరే పొరలా నిలబడి, సీసా వంచితే జారుతూ కదిలితే నీళ్లు. ఇథనాల్ మాట ఇక్కడే వస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి నీళ్లంటే ప్రాణం. కొద్దిపాటి తేమైతే తనలో కలిపేసుకుని ఇంజిన్‌లో కాలిపోయేలా చేస్తుంది. నీళ్లు హద్దు దాటితే మాత్రం పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. కాక్ పీల్చేది అడుగు నుంచే కదా, ఇంజిన్‌కి ముందు వెళ్లేది ఆ సరుకే. అంచేత ఇథనాల్‌ది తప్పు లేదని అనను గానీ, మీ ట్యాంకులో నీళ్లూ తుప్పూ లేకపోతే అది ఇంత అల్లరి చేయదు.

ట్యాంకు పూర్తిగా దింపించండి. పెట్రోల్ వంపేసి, కాక్ ఊడదీసి దాని జల్లెడ చూడండి. లోపల గుప్పెడు చిన్న నట్లు వేసి కొంచెం కిరోసిన్ పోసి కుంకుడుకాయల డబ్బా ఊపినట్టు ఊపితే వదులు తుప్పంతా రాలుతుంది. నట్లు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయాలి. తర్వాత పెట్రోల్‌తో కడిగి, నోరు కిందికి పెట్టి ఒక రోజు ఎండబెట్టాలి. అప్పటికీ రాలుతూనే ఉంటే ట్యాంకు మార్చడమే. బిగించేటప్పుడు పైపు మధ్యలో 30, 40 రూపాయల ఫిల్టరు ఒకటి వేయించండి.

అదయ్యాకే కార్బొరేటర్. అందులో స్లో జెట్టు అని ఇత్తడిది ఒకటి ఉంటుంది, చెవి దుద్దు మేకు అంత. దాన్ని ఆకాశం కేసి పెట్టి ఒక కన్ను మూసి చూడండి. సూదిమొన అంత వెలుతురు చుక్క గుండ్రంగా కనపడాలి. నెలవంకలా కనపడినా, మసగ్గా కనపడినా లోపల ఇంకా ఏదో ఉంది. పిన్నీసు పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదైతే ఇంక జెట్టు పారేయాల్సిందే. క్లీనర్ కొట్టి గాలి పట్టించడమే పద్ధతి. అంతా శుభ్రంగా ఉండి కూడా చోక్ అడుగుతుంటే, కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు జాయింటు చూడండి. బండి స్లోలో ఉండగా దానిమీద సబ్బునీళ్లు చిలకరించండి. ఇంజిన్ చప్పుడు మారిందంటే అక్కడ పగులుంది, దొంగగాలి పీలుస్తోంది.

రెండో జబ్బు వానది. అది వైర్లది. హెడ్‌లైట్ డూమ్ వెనకా, సీటు కిందా ఉన్న కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి చూడండి. ఇత్తడి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము కనపడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో, కాంటాక్ట్ క్లీనర్‌తో రుద్దించండి. ప్లగ్గు క్యాప్‌ని, దాని వైరుని చీకటి పడ్డాక చూడాలి. లైట్లన్నీ ఆపేసి, బండి స్టార్ట్ చేసి, దూరం నుంచి వైరు మీద సన్నగా నీళ్లు చల్లండి. నీలంగా చిటపటలాడుతూ నిప్పురవ్వ బయటికి పాకుతోందంటే కరెంటు ప్లగ్గుదాకా వెళ్లడం లేదు. చేత్తో మాత్రం తాకకండి, గూబ గుయ్యిమంటుంది.

అమ్మకండి. మునిగిన బండికి ఇప్పుడు ఎవరూ ధర ఇవ్వరు. ఈ పనులన్నీ ఒక ఆదివారం, ఒకే చోట, దగ్గరుండి చేయించుకోండి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను పటమటలో ఉంటాను, టీచర్ని. 2018లో కొన్న 110 సీసీ స్కూటర్. పొద్దున్న ఇంటి దగ్గర చక్కగా స్టార్టవుతుంది. బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి, బ్రేకు పట్టి ఆగగానే ఆఫ్ అయిపోతుంది. వెనకవాళ్లు హారన్లు, నాకు టెన్షన్. సర్వీసుకి ఇస్తే స్లో పెంచి ఇచ్చారు. ఇప్పుడు ఆగడం తగ్గింది గానీ, బ్రేకు వదిలితే బండి తనంతట తానే ముందుకు వెళ్లిపోతోంది. ఒకసారి ముందున్న ఆటోని తాకింది కూడా.

జవాబు: అమ్మా, ముందు ఆ స్లో తగ్గించేయించండి, ఇవాళే. స్కూటర్లో క్లచ్చు ఇంజిన్ వేగాన్ని బట్టి తనే పట్టుకుంటుంది. స్లో ఎక్కువ పెడితే అది సగం పట్టుకునే ఉంటుంది, అందుకే బండి మిమ్మల్ని లాక్కుపోతోంది. జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టినట్టు చేశారు.

చల్లగా ఉంటే బాగుండి, వేడెక్కాక స్లోలో ఆగే బండికి నేను ముందు టాపెట్లు చూస్తాను. వాల్వు కాడకీ, దాన్ని నొక్కే రాకరుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఇంజిన్ వేడెక్కితే వాల్వు కాస్త సాగుతుంది, ఆ సందు దానికోసమే. ఏళ్ల తరబడి వాల్వు తన సీటులోకి అరిగి అరిగి కూర్చోవడం వల్ల ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. వేగంలో తెలియదు, స్లోలో ఇంజిన్ చేతులెత్తేస్తుంది. మీకు కిక్కు ఉంటే ఒక గుర్తు చెబుతాను. పొద్దున్నే కొట్టినప్పుడు కాలికి తగిలే బరువు, వేడి మీద కొట్టినప్పుడు తగలదు, తేలిగ్గా జారిపోతుంది.

తమాషా ఏమిటంటే టాపెట్లు వదులైతే టకటకమని చప్పుడు చేసి చెబుతాయి. బిగుసుకుంటే చప్పుడే ఉండదు. "బండి ఎంత సైలెంటుగా ఉందో" అని మనం మురిసిపోతుంటాం, లోపల ఎగ్జాస్ట్ వాల్వు మాడిపోతుంటుంది. చాలాకాలం వదిలేస్తే హెడ్డు విప్పాల్సి వస్తుంది. టాపెట్లు సెట్ చేయాల్సింది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, ఫీలర్ గేజ్ పెట్టి, మీ బండి పుస్తకంలో రాసిన కొలతకి. సాయంత్రం బండి షెడ్డులో వదిలి పొద్దున్నే చేయమనండి. వేడి బండి లోపలికి రాగానే మూత విప్పి, చేత్తో అటూ ఇటూ ఆడించి బిగించేస్తే, ఇంకో షెడ్డు వెతుక్కోండి. పనిలో పని ఎయిర్ ఫిల్టరూ, ప్లగ్గూ చూపించండి.

ప్రశ్న: అన్నా, నేను తెనాలి నుంచి గుంటూరు కాలేజీకి బండి మీద వెళ్తాను. బీఎస్ 6 బండి, ఎఫ్ఐ, అంటే కార్బొరేటర్ లేకుండా ఇంజెక్టరుతో పెట్రోల్ చిమ్మే రకం. స్పీడ్ బ్రేకర్ మీదో, గతుకులోనో ఎగిరినప్పుడు టక్కున ఆగిపోతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే స్టార్ట్. మెకానిక్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు పెట్టె మార్చాలి, 9 వేలు అవుతుంది అంటున్నాడు. నాన్నకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: నాన్నకి ఇప్పుడే చెప్పకు తమ్ముడూ. పైన మా గురువుగారి దీపం సంగతి చదివావు కదా, నీది ఊదితే ఆరిన దీపం. అది కూడా గతుకు ఊదితేనే ఆరుతోంది. అంటే ఎక్కడో ఏదో వదులుగా ఊగుతోంది. ఈసీయూ పోతే గతుకుల్ని చూసుకుని పోదు.

ఎఫ్ఐ బళ్లు చాలావాటికి సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ ఆపేసే స్విచ్చు ఉంటుంది. స్టాండు స్ప్రింగు సాగి, ఎగిరినప్పుడు స్టాండు ఒక్క క్షణం కిందికి వాలితే చాలు, స్టాండు వేశావనుకుని ఇంజిన్ ఆగిపోతుంది. బురద పట్టినా అంతే. బండి సెంటర్ స్టాండ్ మీద స్లోలో పెట్టి, సైడ్ స్టాండుని కాలితో అటూ ఇటూ కదిపి చూడు. ఇంజిన్ తడబడితే ఖర్చు స్ప్రింగుదే. లేకపోతే తాళంచెవి గుత్తి వైపు చూడు. ఇంటి తాళాలు, హాస్టల్ తాళం, బొమ్మ, అన్నీ కలిపి పావుకిలో వేలాడదీస్తే కీసెట్ లోపల కాంటాక్టులు అరుగుతాయి. గుత్తి తీసేసి ఒక్క తాళంచెవితో రెండు రోజులు నడుపు. ఆ తర్వాత బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు. ఎఫ్ఐ బండికి పెట్రోల్ పంపు కూడా బ్యాటరీ కరెంటుతోనే నడవాలి. తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు సెకన్లు జుయ్‌మనే చప్పుడు వస్తుందే, అదే పంపు. ఆగినప్పుడు తాళం తిప్పి ఆ చప్పుడు వింటున్నావో లేదో నాకు రాయి.

మీటరులో ఇంజిన్ బొమ్మ దీపం వెలిగే ఉంటేనో, మినుకుమినుకుమంటేనో మాత్రం స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లి కోడ్ చదివించు. కోడ్ చూపించకుండా ఈసీయూ మాట ఎత్తినవాడికి పైసా ఇవ్వకు.

ప్రశ్న: మిర్చి యార్డులో హమాలీగా పనిచేస్తాను. సీజన్లో బండి రోజంతా యార్డులోనే ఉంటుంది. రేసు ఇస్తే బొర్రుమని ఉక్కిరిబిక్కిరై నల్లపొగ కక్కుతోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. మా వాడొకడు ఎయిర్ ఫిల్టర్ తీసేశాడు, ఇప్పుడు గుర్రంలా పోతోంది. అలాగే నడపొచ్చా?
గుంటూరు నుంచి

జవాబు: వద్దు. మీ ఫిల్టరు పూడిపోయి ఉంది, అందుకే గాలి చాలక నల్లపొగ. తీసేస్తే గాలి దొరికి పరిగెత్తింది, నిజమే. కానీ ఆ గాలితో పాటు యార్డు దుమ్మంతా నేరుగా పిస్టన్ ఆడే బోరులోకి వెళ్తోంది. గంధం అరగదీసినట్టు పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. కొన్నాళ్లకి నల్లపొగ పోయి తెల్లపొగ వస్తుంది, అప్పుడు బోరు పని. ఫిల్టరు ఖర్చుకి దానికి పోలికే లేదు.

కొత్తది వేయించండి. సీజన్లో పుస్తకంలో రాసిన కిలోమీటర్లు చూడకుండా నెలకోసారి విప్పి చూడండి. స్పాంజి రకమైతే కిరోసిన్‌లో ఉతికి, మెలి తిప్పకుండా పిండి, ఆరాక కొంచెం నూనె అద్ది పెట్టుకోవచ్చు. తాకితే జిగురుగా ఉండే కాగితం రకాన్ని ఉతకకూడదు, గాలీ కొట్టకూడదు, మార్చడమే. పొడి కాగితం రకమైతే లోపలి వైపు నుంచి మెల్లగా గాలి పట్టించండి. మీ యార్డు బండి ఒకటి మొన్న మా షెడ్డుకి వస్తే, ఫిల్టరు డబ్బా విప్పిన కుర్రాడు అరగంట తుమ్ముతూనే ఉన్నాడు, కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. దులిపేటప్పుడు గాలివాటు చూసుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకోండి.